తెరిచిన మడవ కట్టేదెవరు?

పొలానికి నీళ్లు పెట్టేటప్పుడు మడవ తెరుస్తాం. తడి పూర్తి కాగానే మట్టి వేసి కట్టేస్తాం. తెరిచి వదిలేసి ఇంటికొచ్చి పడుకునే రైతు ఉండడు. మరి ఇంట్లో ఇంటర్నెట్ పెట్టెకు తెరిచిన మడవను ఎందరం చూసుకుంటున్నాం?

ఇప్పుడు చాలా పల్లెలకు ఫైబర్ కనెక్షన్ వచ్చింది. పిల్లల చదువుకని కొన్న కంప్యూటరులోనే పాసు పుస్తకం నకలు, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు, పాల లెక్కలు అన్నీ పెట్టుకుంటున్నాం. పట్నంలో ఉన్న కొడుకో కూతురో అక్కడి నుంచే మన కంప్యూటరు తెరిచి దరఖాస్తు నింపేస్తారు. దీన్నే రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. మంచి సౌకర్యమే, కాదనను. బస్సు చార్జీ, ఒక రోజు పని మిగులుతాయి. చిక్కంతా దానికి దారి ఎలా వేశారన్న దగ్గరే.

మామూలుగా రౌటరు పెట్టె మన వాకిట్లో కాపలాదారు లాంటిది. లోపలివాళ్లు అడిగినదానికి జవాబు వస్తే రానిస్తుంది. పిలవకుండా వచ్చినవాణ్ణి బయటే ఆపేస్తుంది. పోర్ట్ ఫార్వార్డింగ్ అంటే ఆ కాపలాదారుకు, "ఫలానా నంబరు తలుపు తట్టినవాణ్ణి ఎవరని అడక్కుండా నేరుగా కంప్యూటరు దగ్గరికి పంపు" అని చెప్పడమే.

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌కు ఆ నంబరు 3389. ఇది మీ అబ్బాయికి ఒక్కడికే తెలిసిన గుట్టు కాదు, లోకమంతటికీ తెలుసు. తెరిచిన తలుపుల కోసం ఇంటర్నెట్ అంతా గాలించే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. నంబరు మార్చినా పసిగడతాయి. పాస్‌వర్డ్ తేలికైనదైతే ఇక చెప్పేదేముంది! లోపల దూరి, ఫైళ్లకు తాళం వేసి, డబ్బిస్తేనే తీస్తామనే ముఠాలున్నాయి. 2019 మే నెలలో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. దానితో పాత విండోస్ కంప్యూటర్లలోకి పాస్‌వర్డ్ లేకుండానే దూరే వీలుంది. ఎప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మళ్లీ మరమ్మతు ఇవ్వాల్సి వచ్చింది.

"రెండెకరాల రైతును, నా దగ్గర దోచుకోవడానికి ఏముంది?" అంటారా? గాలించే ప్రోగ్రాముకు చిన్న రైతు, పెద్ద రైతు తేడా తెలియదు. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము ఇళ్లలోని కెమెరాలను, వాటి రికార్డర్లను లక్షల్లో లోబరచుకుంది. అది వాడిన ఆయుధం ఒక్కటే, ఎవరూ మార్చని ఫ్యాక్టరీ పాస్‌వర్డ్. మా గొడ్ల కొట్టంలో కెమెరా పెట్టిన కుర్రాడూ అంతే. ఫోన్లో బొమ్మ చూపించాడు, డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. రౌటరులో తలుపు తెరిచిన మాట చెప్పనే లేదు. ఏడాది తర్వాత మా అమ్మాయి చూసి మూసింది.

అందుకే నా మాట ఇది. తప్పు రైతుది కాదు, తెరిచి చెప్పకుండా పోయినవాడిది. కానీ నష్టం మాత్రం మనదే. కాబట్టి పనికి వచ్చినవాణ్ణి, అయినవాళ్లయినా సరే, మొహమాటపడకుండా అడుగుదాం. ఏ తలుపు తెరిచావో కాగితం మీద రాసివ్వు, పాస్‌వర్డ్ మార్చి చూపించు, ఆ తర్వాతే డబ్బు.

పిల్లలు పండక్కి వచ్చినప్పుడు రౌటరులో పోర్ట్ ఫార్వార్డింగ్ పేజీ తీయించండి. అవసరం లేనివి తీసేయించండి. పరికరాలు వాటంతటవే తలుపులు తెరుచుకునేలా చేసే యూపీఎన్‌పీని ఆపించండి. దూరం నుంచి చూడక తప్పదంటే వీపీఎన్ పెట్టించుకోండి. అప్పుడు కంప్యూటరు తలుపు లోకానికి కనిపించదు. తాళంచెవి ఉన్న మనవాళ్లే లోపలికి వస్తారు.

కోడ్ చెబితే తెర కనిపించే యాప్‌లకు తలుపు తెరవక్కర్లేదు. అయితే ఆ కోడే తాళంచెవి. సొంత పిల్లలకు తప్ప ఎవరికీ చెప్పొద్దు, పని కాగానే మూసేయండి. ఇలాంటి యాప్‌తో జరిగే మోసాల గురించి 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులను హెచ్చరించింది. బ్యాంకు నుంచి అంటూ కోడ్ అడిగితే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

నీళ్లు మనకు కావాలి, మడవా కావాలి. తెరిచిన మడవను కట్టించుకునే బాధ్యత మాత్రం మనదే.