తెల్ల చొక్కా, నల్ల బిళ్ళ

పోయిన నెల ఈ శీర్షికలో మంచు పారల గురించీ, నడుము నొప్పి గురించీ వ్రాశాం. అది చదివిన సభ్యులు ముగ్గురు నలుగురు ఫోను చేసి, "ఇంతకీ ఈ వయసులో మీ ఇంటి ముందు మంచు ఎవరు ఎత్తిపోస్తున్నారండీ?" అని అడిగారు. జవాబు చిన్నదే గాని, దాని వెనక కథ ఈ నెలకి సరిపోయేంత ఉంది.

క్రిందటి చలికాలం, నవంబరులో ఒక సాయంకాలం బెల్లు మోగింది. తలుపు తీస్తే ఇద్దరు కుర్రాళ్ళు. తెల్ల చొక్కాలు, టైలు, పైన కోట్లు, చేతుల్లో సైకిలు హెల్మెట్లు. గుండె మీద చిన్న నల్ల బిళ్ళ, దాని మీద తెల్లటి అక్షరాలు. ఇద్దరి పేర్ల ముందూ 'ఎల్డర్' అని ఉంది. మా ఊళ్ళో పెద్దాయన అనిపించుకోవాలంటే కనీసం మీసమైనా నెరవాలి. వీళ్ళకి ఇంకా సరిగ్గా మొలవనే లేదు. పొడుగబ్బాయికి ఇరవై ఏళ్ళు. రెండోవాడికి పద్ధెనిమిది నిండి నాలుగు నెలలట. వాణ్ణి ఇక్కడ చిన్నబ్బాయి అందాం.

వీళ్ళని మనమంతా మార్మన్లు అంటాం. ఆ పేరు వాడవద్దని 2018లో వాళ్ళ అప్పటి అధ్యక్షుడు రసెల్ నెల్సన్ గట్టిగా చెప్పాడు. అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. ప్రతిసారీ అంత పేరు వ్రాస్తే మాకిచ్చిన చోటు చాలదు. 'వాళ్ళ సంఘం' అని సరిపెట్టుకుంటాం.

మిషనరీ అనగానే మా మనసులో మెదిలే బొమ్మ వేరు. మాలో ఒకరు పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. ఆ ఆసుపత్రి పెట్టిన డాక్టరు అన్నా కుగ్లర్ అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చి, 1930లో అక్కడే కన్నుమూసింది. మిషనరీ అంటే ఓడ దిగి, మన భాష నేర్చుకుని, ఏళ్ళ తరబడి ఉండిపోయే పెద్దవాళ్ళనే మేము అనుకున్నాం. వాళ్ళ వెనక ఒక ఆసుపత్రో, కాలేజీయో ఉండేది. ఈ పిల్లల వెనక రెండు సైకిళ్ళు ఉన్నాయి.

మొదటిరోజే చెప్పేశాం: "బాబూ, మా హాల్లో వెంకటేశ్వరస్వామి ఉన్నాడు. ఆయన్ని కదిలించే ఉద్దేశం మాకు లేదు. చలిగా ఉంది, లోపలికి రండి." ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని వచ్చి కూర్చున్నారు.

కాఫీ ఇవ్వబోతే వద్దన్నారు. టీ కూడా వద్దన్నారు. 1833లో వాళ్ళ ప్రవక్త జోసెఫ్ స్మిత్ చెప్పిన ఆరోగ్య నియమం ప్రకారం కాఫీ, టీ, మద్యం, పొగాకు వాళ్ళకి నిషిద్ధం. ఆయన ఆ మాట చెప్పింది ఎక్కడో కాదు, మన క్లీవ్‌లాండ్ పక్కనున్న కర్ట్‌లాండ్‌లోనేనట! ఇన్నేళ్ళనుంచి ఈ ప్రాంతంలో ఉంటూ, రహదారి మీద ఆ ఊరి బోర్డు వందలసార్లు చూసి, ఒక్కసారి కూడా అటు తిరిగిన పాపాన పోలేదు. వాళ్ళ మొదటి దేవాలయం, 1836లో ప్రతిష్ఠ చేసింది, అక్కడే ఉంది. చాలాకాలం వేరే శాఖవాళ్ళ చేతిలో ఉంటే 2024లో వీళ్ళ సంఘం కొనుక్కుంది. పార్మా శివవిష్ణు ఆలయానికి కళ్ళు మూసుకుని కారు తోలగలం గాని, ఇది మాత్రం మాకు ఇడహో కుర్రాడు చెబితే తెలిసింది.

కాఫీ కుదరదు గనుక మజ్జిగ ఇచ్చాం. అల్లం, పచ్చిమిరపకాయ వేసిన సంగతి చెప్పడం మరచిపోయాం. చిన్నబ్బాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా గ్లాసు ఖాళీ చేసి, 'థాంక్యూ మేడమ్' అన్నాడు.

కూర్చున్న పది నిమిషాలకి మన తెలుగు బుద్ధి పోనిచ్చుకోకుండా, జీతం ఎంత అని అడిగాం. జీతం లేదట! ఎదురు వాళ్ళే కట్టుకోవాలట. 2020 జూలైలో ఆ మొత్తాన్ని నెలకి 400 డాలర్ల నుంచి 500 చేశారు. ఖరీదైన ఊరు పడ్డా, చవక ఊరు పడ్డా ఒకటే లెక్క. ఆ లెక్కన రెండేళ్ళకి 12,000 డాలర్లు. పొడుగబ్బాయి బంగాళదుంప పొలాల్లో పనిచేసి సగం కూడబెట్టాడు. చిన్నబ్బాయికి నానమ్మ సాయం చేస్తోంది. ఏ ఊరు వెళ్ళాలో కూడా వాళ్ళ ఇష్టం కాదు. దరఖాస్తు పెట్టుకుంటే సంఘం పెద్దలు నిర్ణయించి కబురు పంపుతారు. పొడుగబ్బాయి మనసులో బ్రెజిల్ అనుకున్నాడు. వచ్చింది ఒహాయో.

మగపిల్లలకి రెండేళ్ళు, ఆడపిల్లలకి పద్ధెనిమిది నెలలు. మగపిల్లలు వెళ్ళే వయసు పూర్వం పంతొమ్మిది ఉండేది, 2012లో పద్ధెనిమిదికి తగ్గించారు. అంటే హైస్కూలు అయిపోయిన వేసవిలోనే బయలుదేరవచ్చు. పొద్దున్న ఆరున్నరకి లేవాలి, అరగంట వ్యాయామం, ఆ తరువాత చదువు, ప్రార్థన. ఆపైన తలుపులు తట్టడం, చెప్పమన్నవాళ్ళకి పాఠాలు చెప్పడం. రాత్రి తొమ్మిదింటికల్లా గూటికి చేరాలి, పదిన్నరకి దీపం ఆర్పాలి. ఈ వేళల్లో 2017 నుంచి కొంత పట్టువిడుపు వచ్చిందట. సినిమాలు లేవు, టీవీ లేదు, ఆడపిల్లలతో షికార్లు లేవు, చెరువు కనిపించినా ఈత లేదు. ఈ మధ్య చేతికి ఫోన్లు ఇచ్చారు. కొంత పని అందులోనే నడుస్తుందట. వారంలో ఒక పగలు, మామూలుగా సోమవారం, బట్టలు ఉతుక్కోవడానికీ, సరుకులు తెచ్చుకోవడానికీ వదిలేస్తారు.

ఇవన్నీ ఎలాగో సర్దుకోవచ్చు. చిన్నబ్బాయికి కష్టమైనది జంట. ఎప్పుడూ ఇద్దరుగానే ఉండాలి. స్నానాల గది తప్ప మరెక్కడా ఒకరి కంటికి, చెవికి మరొకరు దూరం కాకూడదు. ఆ రెండోవాడు ఎవరన్నది పైవాళ్ళు నిర్ణయిస్తారు. సుమారు ఆరేసి వారాలకి ఒకసారి మార్పులు వస్తాయి. అప్పుడు జంటా మారవచ్చు, ఊరూ మారవచ్చు. మన పెళ్ళిళ్ళలో కనీసం జాతకాలైనా చూస్తారు! ఏడవాలన్నా చాటు లేని బతుకది. అయితే పొడుగబ్బాయి మంచివాడు. కాకపోతే నిద్రలో పళ్ళు కొరుకుతాడట.

2019 ఫిబ్రవరిదాకా వాళ్ళు ఇంటికి ఫోను చేసేది ఏడాదికి రెండుసార్లే: క్రిస్మసుకీ, మాతృదినోత్సవానికీ. ఇప్పుడు వారం వారం మాట్లాడవచ్చు, మొహాలు కూడా చూసుకోవచ్చు. ఇది విని మాకు మా మొదటి రోజుల ట్రంకాల్ గుర్తుకొచ్చింది. మూడు నిమిషాలు, అందులో రెండు నిమిషాలు "వినపడుతోందా?" అనడానికే సరిపోయేది. మిగతాదంతా నీలం కాగితం ఏరోగ్రాములే.

ఇక మంచు సంగతి. డిసెంబరులో ఒకరోజు మాలో మగాయన పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన వేళ ఈ పిల్లలు వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. ఆడమనిషి ఒక్కతే ఉన్న ఇంట్లో అడుగు పెట్టకూడదన్నది వాళ్ళ నియమం. వరండాలో మంచులో నిలబడ్డారు. అమ్మమ్మ వయసు మనిషి దగ్గర కూడా ఇదేం చాదస్తమని మాలో ఆడావిడకి ముందు కోపం వచ్చింది. గరాజు పక్కనున్న పార చూసి, తీసుకోవచ్చా అని అడిగి, కోట్లు విప్పి పని మొదలుపెట్టారు. మగాయన తిరిగి వచ్చేసరికి నేల కనిపిస్తోంది. అప్పటినుంచి మంచు పడ్డప్పుడల్లా ఇదే వరస. సేవ చేయడం కూడా వాళ్ళ పనిలో భాగమేనట.

"మిమ్మల్ని మార్చడానికే గదండీ ఈ మంచితనమంతా?" అని మన సభ్యులు ఒకరు దీపావళి లెక్కలు చూసేటప్పుడు అడిగారు. మార్చాలనే వచ్చారు. వాళ్ళు దాచలేదు, మేమూ మరచిపోలేదు. ఒకరోజు ఫోను తీసి వాళ్ళ గ్రంథం తెలుగు తర్జుమా చూపించారు. ఒహాయోలో, ఇడహో కుర్రాడి చేతిలో, మన అక్షరాలు! సమోవాలో ఉద్యోగం చేసుకుంటూ ఆ సంఘంలో చేరిన తెలుగు దంపతులు 1978 చివర్లో హైదరాబాదు వెళ్ళి, తమ బంధువులు ఇరవైమందికి పైగా బాప్తిస్మం ఇప్పించారన్న సంగతి అప్పుడే తెలిసింది. మనలాగే ఉద్యోగానికని పరాయి దేశం వెళ్ళినవాళ్ళు సెలవులకి ఇంటికి ఏం పట్టుకెళ్ళారో చూడండి. ఆ చుట్టాల ఇళ్ళలో ఎన్ని వాదనలు జరిగి ఉంటాయో! దాని మీద మా ఇద్దరికీ ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. మారని ఇంట్లో ఎక్కువసేపు కూర్చోవడం వాళ్ళకి పని నష్టమే అని పొడుగబ్బాయి ఒకసారి నిజాయితీగా ఒప్పుకున్నాడు. అప్పటినుంచి పాఠం ఊసెత్తకుండా, పులిహోర ఉందని పిలిచినప్పుడే వచ్చేవారు.

జనవరిలో చిన్నబ్బాయి పులిహోర ముట్టలేదు. మనిషి చిక్కిపోయాడు. ఒక వీధి మొత్తం తిరిగితే ఒక్క తలుపూ తెరుచుకోలేదనీ, ఒకాయన కుక్కని వదిలాడనీ పొడుగబ్బాయి నవ్వుతూ చెబుతుంటే, రెండోవాడు చేతులు బల్ల కింద పెట్టుకున్నాడు. అవి వణుకుతున్నాయి. నిద్ర పట్టడం లేదట, తలుపు తట్టబోయే ముందు ప్రతిసారీ కడుపులో తిప్పుతోందట. కాసేపటికి, "మీరు ఈ దేశం వచ్చాక వెనక్కి వెళ్ళిపోదాం అనుకున్నారా?" అని అడిగాడు.

అనుకున్నాం. 1973 జనవరిలో, ఇదే క్లీవ్‌లాండ్‌లో, మాలో ఒకరు ట్రావెల్ ఏజెంటు దగ్గరికి వెళ్ళి టిక్కెట్టు ధర అడిగి వచ్చారు. అది అప్పటి స్టైపెండులో కొన్ని నెలల మొత్తం. ధైర్యం వచ్చి ఉండిపోలేదు, డబ్బు లేక ఉండిపోయాం. ఇది చెబితే కుర్రాడు చిన్నగా నవ్వాడు. "నాకు టిక్కెట్టు కష్టం కాదు, వెళ్ళాక ఆదివారం చర్చికి వెళ్ళడం కష్టం" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో మిషనుకి వెళ్ళేవాడికి అందరూ కలిసి వీడ్కోలు చెబుతారు, రెండేళ్ళు నిండి వచ్చినవాడు వేదిక ఎక్కి మాట్లాడతాడు. మధ్యలో వచ్చినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు గాని, ఎందుకు వచ్చావని కళ్ళతో అడుగుతారు. తమ్ముళ్ళు ఇద్దరున్నారు. నానమ్మ డబ్బు కట్టింది.

అప్పుడు వాడికి మేము చెప్పింది మన సంఘంలో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాం. 2003లో మా రెండోవాడు మెడికల్ స్కూలు మొదటి సంవత్సరం మధ్యలో వదిలేసి ఇంటికి వచ్చేశాడు. వాడి చేతులూ ఇలాగే వణికేవి. అడిగినవాళ్ళకి ఏదో రీసెర్చి చేస్తున్నాడని చెప్పాం. వినాయకచవితికి మా ఇంట్లో భోజనాలు పెట్టినప్పుడు మీలో చాలామంది వచ్చారు. ఆ పూట వాడు మేడ మీద గదిలోనే ఉన్నాడు. వాడి కారు కనబడకుండా వెనక వీధిలో పెట్టించాం. కింద మేము పాయసం వడ్డిస్తూ, వాడు బోస్టన్‌లో ఉన్నాడన్నాం. వాడు మమ్మల్ని ఏమీ అడగలేదు. ఇప్పుడు కొలంబస్‌లో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతున్నాడు, బాగానే ఉన్నాడు. ఆ రాత్రి వాడికి పళ్ళెంలో అన్నం తీసుకెళితే చల్లారిపోయి ఉంది. ఆ పళ్ళెం మాత్రం మాకు గుర్తు.

ఉండమని గాని, వెళ్ళమని గాని కుర్రాడికి మేము చెప్పలేదు. మాకా అధికారం లేదు. చేతులు వణికే సంగతి మీ పెద్దలకి చెప్పావా అని మాత్రం అడిగాం. చెప్పలేదట. పొడుగబ్బాయి అప్పటిదాకా పళ్ళెం వైపే చూస్తున్నవాడు తలెత్తి, "నేను చెబుతాను, నువ్వు పక్కన ఉండు" అన్నాడు.

వాళ్ళ మిషను అధ్యక్షుడు అంటే ఇలాంటి పిల్లల్ని చూసుకోవడానికి మూడేళ్ళపాటు భార్యతో సహా వచ్చే పెద్దమనిషి. ఆయన డాక్టరుతో మాట్లాడించాడు, ఇంటివాళ్ళతో మాట్లాడాడు. ఫిబ్రవరి రెండో వారంలో చిన్నబ్బాయి వెళ్ళిపోయాడు. మాకు చెప్పడానికి రాలేదు. రాలేకపోయాడని పొడుగబ్బాయి అన్నాడు. ఇంటి దగ్గర ఉండి చేసే సేవా మిషను అని ఒకటి వాళ్ళలో ఉంది. వేసవిలో దానికి ఒప్పుకున్నాడట, పేదలకి సరుకులిచ్చే చోట పెట్టెలు మోస్తున్నాడట. నల్ల బిళ్ళ పెట్టుకునే ఉన్నాడు. ఆదివారాల సంగతి మేము అడగలేదు.

పొడుగబ్బాయి ఆగస్టులో రెండేళ్ళు ముగించుకుని ఇడహో వెళ్ళాడు. ఈ చలికాలం మా మంచు ఎత్తుతున్నది వేరే ఇద్దరు, వీళ్ళలో ఒకడు టోంగా నుంచి వచ్చాడు. మీ వీధిలోనూ తిరుగుతారు. పిలిస్తే కాఫీ పెట్టకండి, వేడి చాక్లెట్టు తాగుతారు. మజ్జిగ ఇస్తే మిరపకాయ సంగతి ముందే చెప్పండి.

ఇది పంపించే ముందు, అనుమతి లేకుండా వ్రాయకూడదు గనుక, మా రెండోవాడికి ఫోనులో అంతా చదివి వినిపించాం. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఒక తప్పు దిద్దాడు. కారు వెనక వీధిలో కాదట, లైబ్రరీ దగ్గర పెట్టించామట. అక్కణ్ణించి ఇంటికి ముప్పావు మైలు నడిచి, దొడ్డి తలుపున లోపలికి వచ్చాడట.