ముందు రోష్నీ, వెనక అంధేరా

పోయిన రంజాన్‌లో మా ఇంటిని వీధిలోంచి చూసినవాళ్లంతా మాషా అల్లాహ్ అన్నారు. పిట్టగోడ నుంచి గేటు దాకా సీరియల్ సెట్లు వేలాడదీశాను. పైన నెలవంక, పక్కన నక్షత్రం. ఒకరోజు సెహ్రీ వేళ అమ్మీ వజూ కోసం పెరట్లోకి వెళ్లింది. తొట్టి దగ్గర మెట్టు కనపడలేదు. నాచు మీద కాలు జారింది, మణికట్టు విరిగింది. ఆస్పత్రికి వెళ్తుంటే ఆటోలో ఒకే మాట అంది: "ఆగే ఇత్తీ రోష్నీ, పీఛే అంధేరా. కైసా ఘర్ రే యే?"

తిట్టి ఉంటే బాగుండేది. చిరాగ్ తలే అంధేరా అనే సామెతను ఉర్దూ మీడియం బడిలో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. దాని మానీ ఆ రాత్రి తెలిసింది.

మన ఇళ్లు ఒకసారి చూడండి. ముందు వైపు మెహమాన్లది, మర్దులది. పెరడు ఔరతులది. గిన్నెలు తోమేది, బట్టలు ఉతికేది, దావత్ ఉంటే దేగ్ ఎక్కించేది అక్కడే. పండగొస్తే లైట్లన్నీ వీధివైపు పోతాయి. పెరటికి మాత్రం పాత బల్బు ఒకటి, అది కూడా వెలిగితే. దీన్ని నేను సజావట్ అనను, దిఖావా అంటాను. అందుకే నా మాట ఒకటే: ఇంట్లో మొదటి లైటు పెరటికి పడాలి. దాన్ని మన చేతులతోనే వేయాలి, కానీ హిఫాజత్‌గా.

ఒక పెద్ద బల్బు చాలదా అని మా తమ్ముడు అడిగాడు. చాలదు. పెద్ద బల్బు తెల్లటి వెలుతురు పక్కింటి మిద్దెదాకా పోతుంది. పురుగుల్ని పిలుస్తుంది. పైగా పెరట్లో పని చేసుకునే ఆడవాళ్లను పడోసీ మిద్దె మీద ఉన్నవాళ్లకు చూపిస్తుంది. పర్దా గురించి తఖ్రీర్‌లు చెప్పే మనం ఈ సంగతి ఆలోచించం. లైటు కింద ఉండాలి, నేల మీద పడాలి, పచ్చగా మెత్తగా ఉండాలి. మెట్టు అంచు కింద, తొట్టి చుట్టూ, గోడ వెంబడి మోకాలి ఎత్తులో. అప్పుడు కాలు పెట్టే చోటు కనపడుతుంది, మనిషి కనపడదు. చూడ్డానికీ ఖూబ్‌సూరత్‌గా ఉంటుంది. ఖూబ్‌సూరతీ మెహమాన్ల కళ్లకేనా, రోజూ అక్కడ తిరిగే కళ్లకు వద్దా?

నేను వేసింది చెబుతాను. 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్ 5 మీటర్లు, వామ్ వైట్ రంగు, నీటికి తట్టుకునే ఐపీ 65 రకం. మీటరుకు సుమారు 5 వాట్లు, అంటే మొత్తం 25 వాట్లు. అడాప్టర్ 36 వాట్లది, అంటే 3 ఆంపియర్లది తీసుకున్నాను, వేడెక్కకుండా. అడాప్టర్‌ను వంటింట్లోనే బిగించి, సన్న వైరు మాత్రమే ప్లాస్టిక్ పైపులోంచి బయటికి తీశాను. 230 వోల్టులు ఇంట్లోనే ఆగిపోతాయి. బయట తడి చేతితో తాకినా పర్వాలేదనేది 12 వోల్టులే. పండక్కి బజారులో దొరికే సస్తా సీరియల్ సెట్లు అలా కావు. చాలావాటిలో 230 వోల్టులు నేరుగా పారుతుంటాయి. ఒక బల్బు పగిలినా, వైరు చీలినా అక్కడ ప్రాణం తీసే కరెంటు ఉన్నట్టే.

జర్నలిస్టుగా నాకు బాగా గుర్తుండిపోయిన వార్తలు ఎలక్షన్లవి కావు. దండెం మీద బట్టలు ఆరేస్తూ షాక్ కొట్టి చనిపోయిన ఆడవాళ్లవి. ఇనుప తీగ దండేనికి ఎక్కడో ఒక వైరు ఆనుకుని ఉంటుంది, అంతే. కాబట్టి లైట్ల వైరును దండేనికి చుట్టొద్దు. దండేన్ని కూడా నైలాన్ తాడుకు మార్చండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. మామూలు ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. ఈ ఒక్క పని మాత్రం మనం చేయొద్దు, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కండి.

స్తంభం నుంచి కొక్కెం వేసి మీలాద్‌కో, షాదీకో లైట్లు వెలిగించేవాళ్లకూ ఒక మాట. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ ప్రకారం అది చోరీ. చట్టం సంగతి అటుంచండి, దొంగ కరెంటుతో వెలిగిన దీపంలో బర్కత్ ఎక్కడుంటుంది?

ఇస్రాఫ్ కాదా అని అడిగేవాళ్లున్నారు. మంచి సవాలే. లెక్క చూడండి: 25 వాట్లు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు నాలుగు యూనిట్లలోపే. వీధివైపు రాత్రంతా ఎవరూ చూడకుండా వెలిగే లైట్లు ఇస్రాఫ్, ఇది జరూరత్. పడుకునే ముందు దీపాలు ఆర్పమని హదీసులో తాకీద్ ఉంది. అది నిప్పు దీపాల కాలపు మాటే అయినా మనకూ పనికొస్తుంది. నేను ఒక టైమర్ పెట్టాను. ఇషా తర్వాత కొంతసేపటికి ఆరిపోతుంది, సెహ్రీకి మళ్లీ వెలుగుతుంది.

ఒకటి మాత్రం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మొదట స్ట్రిప్‌ను నాకు అందంగా తోచిన గోడకు అంటించాను. అమ్మీ చూసి, "వహా నై, యహా" అని కట్టు కట్టిన చెయ్యితోనే తొట్టి మూల చూపించింది. ఆ మూల నేను ఎన్నడూ రాత్రిపూట నిలబడింది లేదు. మీరూ బజారుకు వెళ్లేముందు ఒక రాత్రి అమ్మీతోనో, బీవీతోనో, బేటీతోనో పెరట్లోకి నడవండి. ఎక్కడ కనపడట్లేదో వాళ్లనే చూపించమనండి. అక్కడి నుంచే మొదలుపెట్టండి.