గుర్రానికి ఆపిల్ ముక్క

చాలా రోజులుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. ఇంటి సంగతులు నలుగురిలో పెట్టడం నాకు అంతగా ఇష్టం ఉండదు. కానీ ఈసారి నా వాదనకు ఆధారం మా నాన్నగారే కాబట్టి, ఆయన అనుమతి తీసుకునే రాస్తున్నాను. "రాసుకో, పేర్లు మాత్రం వద్దు" అన్నారు.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. స్వేచ్ఛగా తిరిగే జంతువుకు మన చేత్తో తిండి పెట్టడం దయ కాదు. ఈ మాట చాలామంది మిత్రులకు రుచించదని తెలుసు. నాకూ మొన్నమొన్నటిదాకా రుచించలేదు.

2023 అక్టోబరులో నాన్నగారు మా ఇంట్లో ఉన్నారు. అమెరికా వచ్చిన తల్లిదండ్రులకు మనం చూపించేవి ఏమిటో మీకు తెలిసిందే కదా: నయాగరా, లిబర్టీ విగ్రహం, పిట్స్‌బర్గ్ గుడి, మధ్యలో వాల్‌మార్ట్. అవన్నీ అంతకుముందు వచ్చినప్పుడే అయిపోయాయి. మేమున్న మేరీలాండ్‌లోనే సముద్రం ఒడ్డున అసటీగ్ అనే దీవి ఉంది. అక్కడ గుర్రాలు విచ్చలవిడిగా తిరుగుతాయని, ఇసుకలో గుడారం వేసుకుని రాత్రిళ్ళు ఉండవచ్చని చెబితే నాన్నగారు అంతా విని, "గుర్రాలా?" అని ఒక్క మాట అన్నారు. ఆ మాటలో ఉన్నది ఉత్సాహమనుకున్నాను.

అసటీగ్ సుమారు ముప్ఫై ఏడు మైళ్ళ పొడవున్న సన్నటి ఇసుకదీవి. ఉత్తరభాగం మేరీలాండ్‌ది, దక్షిణభాగం వర్జీనియాది. ఒకవైపు అట్లాంటిక్ కెరటాలు, రెండోవైపు ఉప్పుగడ్డి పెరిగే బురదనేలలు. 1950లలో ఇక్కడ స్థలాలు కోసి, వేల ప్లాట్లు అమ్మి, విలాసనగరం కడదామనుకున్నారు. 1962 మార్చిలో వచ్చిన తుఫాను ఆ రోడ్లనూ ఇళ్ళనూ ఊడ్చేసింది. ఇక లాభం లేదని 1965లో జాతీయ సముద్రతీరంగా ప్రకటించారు. ఆ తారురోడ్డు ముక్కలు ఇసుకలో ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ కథ దారిలో చెబితే నాన్నగారికి 1977 దివిసీమ ఉప్పెన గుర్తుకొచ్చింది. కాసేపు ఆ సంగతులే చెప్పారు. రియల్ ఎస్టేటు వాళ్ళను సముద్రం గెంటేసిన చోటు కాబట్టే గుర్రాలకు మిగిలిందని నేను సంబరంగా అన్నాను. ఉప్పెన చూసినవారి ముందు అలా అనకుండా ఉండవలసింది.

గుడారం దగ్గర నా ప్రావీణ్యం తేలిపోయింది. కొన్న మేకులు పొట్టివి. ఇసుకలో గుచ్చితే గాలికి ఊడి వచ్చేస్తున్నాయి. నాన్నగారు రెండు నిమిషాలు చూసి, కారులోని కిరాణా సంచులు తెమ్మని, వాటిలో ఇసుక నింపి మూతులు బిగించి, తాళ్ళు కట్టి అడుగున్నర లోతున పాతిపెట్టారు. ఆ తర్వాత రెండు రాత్రులూ గాలి ఎంత కొట్టినా గుడారం కదలలేదు. ముప్ఫై ఐదేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషికి ఆ ముడులు ఎలా తెలుసునని నాకు ఆశ్చర్యం కలగాలి. కలగలేదు. తండ్రులకు అన్నీ తెలుస్తాయని ఊరుకున్నాను.

వచ్చేముందు ఆయనకు మూడుసార్లు నియమాలు అప్పజెప్పాను. గుర్రానికి కనీసం నలభై అడుగుల దూరంలో ఉండాలి. ముట్టుకోకూడదు. తినడానికి ఏమీ పెట్టకూడదు. ఆహారమంతా కారులో పెట్టి తాళం వెయ్యాలి, ఎందుకంటే ఇవి ఐసుపెట్టెల మూతలు తీయడం నేర్చుకున్నాయి. ఇంటి ముందుకొచ్చిన ఆవుకు అరటిపండు పెట్టకుండా పంపని మనిషి, ఇక్కడ చెయ్యి ఆపుకోలేక జరిమానా తెచ్చిపెడతారేమోనని నా బెంగ.

సాయంత్రం అయిదున్నరకు అవి వచ్చాయి. ఒక మగ గుర్రం, దాని వెనుక మూడు ఆడవి, ఒక పిల్ల. ఎరుపు మీద తెలుపు పొడలు, గాలికి ఎగిరే జూలు, బానల్లాంటి పొట్టలు. వర్జీనియా వైపు వీటిని తట్టు గుర్రాలంటారు, మేరీలాండ్ వైపు గుర్రాలనే అంటారు. జాతి ఒకటే, సారం లేని మేత వల్ల పొట్టిగా ఉంటాయంతే. "చూడి గుర్రాలా?" అని అడిగారు నాన్నగారు. కాదని, తినేది ఉప్పుగడ్డి కావడం వల్ల మామూలు గుర్రాల కంటే రెండింతలకు పైగా నీళ్ళు తాగుతాయని, అందుకే పొట్టలు అలా ఉబ్బి ఉంటాయని చెప్పాను. "ఉప్పు తిన్నది నీళ్ళు తాగక తప్పుతుందా" అని నవ్వారు.

నేను బల్ల దగ్గర ఆపిల్ కోస్తున్నాను. ఆడ గుర్రాల్లో ఒకటి గుంపును వదిలి సరాసరి నా వైపు వచ్చింది. నలభై అడుగులు, ముప్ఫై, పది. చుట్టూ ఎవరూ లేరు. దాని పైపెదవి వణుకుతోంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ క్షణంలో నాకు నియమాలు గుర్తుకు రాలేదని కాదు. గుర్తున్నాయి, నాకు మాత్రం వర్తించవనిపించింది. ముక్క అరచేతిలో పెట్టి చెయ్యి చాచాను.

"పెట్టమాకమ్మా."

నాన్నగారు గొంతు పెంచలేదు. కానీ నా చిన్నప్పటినుంచీ నేను విన్న గొంతు కాదది. "అలవాటు చెయ్యమాక. రేపు మనం వెళ్ళిపోతాం." ఆ మాట అంటూనే లేచి, గుర్రానికి ఎదురుగా కాక పక్కనుంచి నాలుగడుగులు వేసి, నాలుకతో ఏదో టకటకమని శబ్దం చేశారు. గుర్రం చెవులు రిక్కించి, తల తిప్పుకుని, గుంపు వైపు వెళ్ళిపోయింది.

ఆ శబ్దం ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను. చీకటి పడి, మంట వేసుకుని కూర్చున్నాక గాని జవాబు రాలేదు.

మా తాత తెనాలిలో జట్కా తోలేవాడట. రైల్వేస్టేషను దగ్గర బండి. ఈ సంగతి నాకు నలభై రెండేళ్ళు వచ్చేదాకా తెలియదు. ఇంట్లో "తాత వ్యాపారం చేసేవాడు" అనే చెప్పేవారు. గుర్రానికి రోజూ సాయంత్రం ఉలవ గుగ్గిళ్ళు. తాత కుండలో ఉడకబెట్టి, చల్లార్చి, చేత్తో ముద్దలు చేసి పెట్టేవాడట. నాన్నగారు పదేళ్ళ వయసునుంచే మాలీషు చెయ్యడం, పట్టీలు బిగించడం, ఆ ముడులు వెయ్యడం అన్నీ చేశారు. తర్వాత రిక్షాలు వచ్చాయి, ఆటోలు వచ్చాయి, జట్కా ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు. నాన్నగారికి ఉద్యోగం వచ్చింది. పెళ్ళి సంబంధాలు రావడం మొదలైంది. గుమ్మం ముందు గుర్రం కట్టేసి ఉంటే వచ్చేవాళ్ళు ఏమనుకుంటారని, దాన్ని వదిలించమని తాతను పోరింది నాన్నగారే. ముసలిగుర్రం, కొనేవాళ్ళు లేరు. తాత ఊరవతల కాలవగట్టు దాకా నడిపించుకు వెళ్ళి వదిలేసి వచ్చాడు.

మూడో రోజు సాయంత్రం, గుగ్గిళ్ళ వేళకు, అది గుమ్మం ముందు నిలబడి ఉంది.

మళ్ళీ తీసుకెళ్ళి ఇంకా దూరంగా వదిలారు. మళ్ళీ వచ్చింది. మూడుసార్లు వచ్చింది. నాలుగోసారి రాలేదు. స్టేషను వెనక చెత్తకుప్పల దగ్గర చూశామని ఎవరో చెప్పారట. నాన్నగారు వెళ్ళి చూడలేదు. "నెలలోపే మీ అమ్మావాళ్ళు చూసుకోవడానికి వచ్చారు" అని చెప్పి మంటలో కర్ర సర్దారు.

ఇంతకంటే ఆ రాత్రి గురించి రాయను.

ఇప్పుడు వాదనకు వస్తాను. ఈ దీవిలోని గుర్రాలు కూడా, నిజానికి, మనిషి వదిలేసినవే. పుట్టుకతో అడవివి కావు. పదిహేడో శతాబ్దంలో ప్రధానభూమి మీది వలస రైతులు పన్నులూ కంచె చట్టాలూ తప్పించుకోవడానికి తమ పశువులను దీవి మీదికి తోలారని చరిత్రకారులు చెబుతారు. మునిగిపోయిన స్పానిష్ ఓడనుంచి ఈదుకొచ్చాయన్నది స్థానికుల కథ. దాన్ని కట్టుకథగా కొట్టిపారేస్తూ వచ్చారు గాని, 2022లో ఫ్లోరిడా పరిశోధకులు హైతీలోని పాత స్పానిష్ పట్టణం ప్యుర్టో రియల్‌లో దొరికిన పదహారో శతాబ్దపు గుర్రపు పన్ను జన్యువులు పరీక్షిస్తే, ఇప్పుడున్న గుర్రాలలో దానికి అతి దగ్గరి చుట్టాలు ఈ దీవివేనని తేలింది. ఓడ మునిగిందని దీనివల్ల రుజువు కాదు. స్పానిష్ రక్తం ఉందని మాత్రం తెలుస్తుంది. ఎలా వచ్చినా, వీటికి గుంపు దొరికింది, గడ్డి దొరికింది, తాగడానికి మడుగులు దొరికాయి, మనిషి చెయ్యి అందలేదు. తాత గుర్రానికి వీటిలో ఏదీ లేదు. దానికి తెలిసిన ఆహారమల్లా ఒక మనిషి అరచేయి.

ఆ అరచేయి వల్ల ఇక్కడ కూడా ఏం జరుగుతుందో చూడండి. చిప్ అని ముద్దుగా పిలిచే ఒక మగ గుర్రం ఈ దీవి మీదే పుట్టి పెరిగింది. జనం ఆహారానికి అలవాటుపడి గుడారాల మీదికి, కార్ల మీదికి వచ్చి, అడ్డొచ్చినవాళ్ళ మీద తిరగబడటం మొదలుపెట్టింది. 2022లో దాన్ని టెక్సస్‌లోని ఒక జంతు సంరక్షణాలయానికి శాశ్వతంగా తరలించారు. దానికి చిప్స్ పెట్టినవాళ్ళంతా జంతుప్రేమికులే అయివుంటారు. తినిపించడం మరిగిన గుర్రాలు రోడ్డు మీదకొచ్చి కార్ల కింద పడటమూ ఉంది. ఇది అమెరికా గొడవ అని తీసిపారేయకండి. శ్రీశైలం ఘాట్‌రోడ్డు మీద కారాపి కోతులకు అరటిపళ్ళు విసరని యాత్రికుడెవరు? అవి అడవి మరిచి మలుపు మలుపులోనూ చక్రాల దగ్గర కూర్చోవడం మన పుణ్యమే.

భూతయజ్ఞం మన సంప్రదాయం కదా, కాకికి ముద్ద పెట్టనిదే తినని ఇళ్ళు లేవా అని అడుగుతారు. ఉన్నాయి, మాదీ అలాంటిదే. కానీ ముద్ద గోడమీద పెట్టి మనం పక్కకు తప్పుకుంటాం. అది మన చేతిలో తినాలని పట్టుబట్టం, పక్కన నిలబడి ఫోటో తీయించుకోం. ఈ తేడా కొంచెం బలహీనమైనదని నాకే తెలుసు. కాకి కూడా వేళకు వచ్చి అరుస్తుంది. కాకపోతే ఆ ఇల్లు రేపూ అక్కడే ఉంటుంది. గుడారం ఉండదు.

ఇంకో ఆక్షేపణ బలమైనది, అది నాన్నగారే మర్నాడు చేశారు. "ముట్టుకోకూడదంటారు, మరి ఇవి ఏం స్వేచ్ఛగా ఉన్నట్టు?" రాష్ట్రాల సరిహద్దున దీవికి అడ్డంగా కంచె ఉంది. మేరీలాండ్ మందకు 1994లో గర్భనిరోధక టీకాలు మొదలుపెట్టారు, తుపాకీతో దూరంనుంచే సూది విసురుతారు. వర్జీనియా మందకు యజమాని షింకటీగ్ ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళం. అక్కడ పెద్ద గుర్రాలు నూటయాభైకి మించకూడదు. అందుకని ఏటా జులై చివర్లో ఒక బుధవారం మందను కాలవ ఈదించి ఊళ్ళోకి తెచ్చి, మర్నాడు పిల్లలను వేలం వేస్తారు. 1925 నుంచీ ఆ డబ్బుతోనే అగ్నియంత్రాలు కొనుక్కుంటున్నారు. 1947లో మార్గరీట్ హెన్రీ రాసిన 'మిస్టీ ఆఫ్ షింకటీగ్' నవల ఆ వేలాన్ని దేశమంతా ప్రసిద్ధం చేసింది. పసిపిల్లలను తల్లులనుంచి విడదీసి అమ్మడం నాకు మనసొప్పదు. నవలలు ఎంత మురిపెంగా చెప్పినా సరే. టీకాయే మేలనిపిస్తుంది. ఏటేటా ఈనే భారం తప్పిన ఆడ గుర్రాలు ఎక్కువకాలం బతుకుతున్నాయని తేలింది కూడా. అయినా నాన్నగారి ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాదు. ఒకసారి మన చెయ్యి పడ్డాక పూర్తిగా వెనక్కి తీసుకోవడం సాధ్యం కాదు, సన్నటి దీవి మీద గడ్డి కొంతే ఉంటుంది. లెక్క చూడక తప్పదు. కానీ ఆ లెక్క గుర్రాల కోసం చూస్తున్నది. ఆపిల్ ముక్క నా కోసం చాచినది. తిరిగి వెళ్ళి ఆఫీసులో చెప్పుకోవడానికి.

దీనికి ఒప్పుకోని మిత్రులు తప్పక వ్యాఖ్యలు రాయండి. ముఖ్యంగా పల్లెలో గుర్రాన్నో ఎద్దునో సాకి, తర్వాత దాన్ని వదులుకోవలసివచ్చినవాళ్ళు రాస్తే నాకంటే నాన్నగారు ఎక్కువ శ్రద్ధగా చదువుతారు.

రెండో రోజు ఉదయం లేచి చూస్తే గుడారం చుట్టూ డెక్కల గుర్తులు. రాత్రి మా తాళ్ళను తప్పించుకుంటూ నడిచి వెళ్ళాయి, ఒక్కటీ తెగలేదు. నాన్నగారు అప్పటికే తీరం వెంట వెళ్ళి ఉన్నారు. నీళ్ళ అంచున గుంపు నిలబడి ఉంది. ఆయన దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నారు. తర్వాత అడుగులు లెక్కబెట్టుకుంటూ ఇంకో నాలుగు వెనక్కి వేశారు. లెక్కల మాస్టారు కదా.

తిరుగు ప్రయాణంలో, వంతెన దాటాక, ఆ గుర్రం పేరేమిటని అడిగాను. "పేరా? తాత 'ఓయ్' అనేవాడు, వచ్చేసేది" అన్నారు. మళ్ళీ ఇల్లు చేరేదాకా ఆ మాట ఎత్తలేదు.

ఈసారి అమ్మ కూడా గుడారానికి వస్తానంటోంది. ఇసుకలో పాతడానికి పొడుగాటి మేకులు కొనాలి. కిరాణా సంచులే చాలంటున్నారు నాన్నగారు.