ఆసామి పర్మిషన్ ఇచ్చాడు సరే, దేనికి ఇచ్చాడు?



కోతలు దగ్గర పడ్డాయి. నెల్లూరు వైపు కయ్యలు పసుపు తిరిగాయి. ఇంకో పదిహేను రోజుల్లో మనోళ్ళు గడ్డపార, పొగకుండ పట్టుకుని గెనిమల మీదికి పోతారు (మీ వైపు గట్లు అంటారు). సెలవులకి ఇంటికి పోయే మాలో సగం మంది కూడా వాళ్ళ వెనకే పోతాం. ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. ఎలుకలు పట్టడం మన యానాదుల పని, మన కూర కూడా. హాస్టల్లో పది రోజులుగా మేం వాదులాడుకుంటున్నది ఎలుకల గురించి కాదు. పొలం ఆసామిని అడగాలా వద్దా, అడిగితే ఎట్లా అడగాలి అని.

మాలో కొందరు అడగడమే తప్పు అంటారు. ఈ నేల మీద మనం తిరిగినప్పుడు వీళ్ళ పాసు పుస్తకాలు ఎక్కడివి అని వాళ్ళ మాట. ఇంకొందరు అసలు ఈ పనే మానేద్దాం, డిగ్రీ చదువుతూ ఇంకా కలుగులు తవ్వేదేంటి అంటారు. మా అభిప్రాయం రెండిటికీ వేరే. అడగాలి. కానీ ఇప్పుడు అడుగుతున్నట్టు కాదు.

ఇప్పుడు ఎట్లా అడుగుతున్నామో అందరికీ తెలుసు. పెద్దాయన ఒకాయన పొద్దున్నే ఆసామి ఇంటి ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. "సామీ, నాలుగు కలుగులు తవ్వుకుంటాం" అంటాడు. లోపల్నించి "తవ్వుకోపో, గెనిమ తెగిందంటే చూడు" అని ఒక కేక. అదే పర్మిషన్. దాని మీద మనోళ్ళు పొద్దంతా తవ్వుతారు, పొగ ఊదుతారు. పొగకుండని నోటితో ఊది ఊది మన అమ్మల, నాయనల రొమ్ము ఎట్లా పాడైందో రాత్రిపూట ఆ దగ్గు విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. సాయంత్రానికి కొన్ని ఎలుకలు, కలుగులో దొరికిన కాసిని వడ్లు మనకి. కాపాడిన పంట మొత్తం ఆయనకి. అంతటితో అయిందా? మర్నాడు కబురు వస్తుంది, వచ్చి పేడదిబ్బ ఎత్తిపొమ్మని. "నిన్న తవ్వుకోమన్నాను కదరా" అంటాడు. అంటే నిన్నటి పర్మిషన్‌కి ఈరోజు కూలి లేని చాకిరీ బాడుగ అన్నమాట.

ఇక్కడ మేం అడిగేది ఒకటే. పని ఎవరిది? ఎలుకలు పడితే నష్టం రైతుకి. వ్యవసాయ శాఖ ఊరూరా ఎలుకల నివారణ కార్యక్రమాలు పెట్టేది అందుకే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో బుట్టలు పెట్టి పట్టేవాళ్ళకి రైతులు డబ్బులిచ్చి పిలిపించుకుంటారు. అక్కడ అది పని, ఇక్కడ మాత్రం దయ. ఎలుక ఒకటే, కలుగు ఒకటే. మనం వాకిట్లో నిలబడే తీరులోనే తేడా ఉంది. రెండు కిలోల కలుగు వడ్లు ఎవరికీ దానం కాదు, ఎలుక మోసుకుపోయిన వడ్లు అవి. మనం తవ్వకపోతే మట్టిలోనే మొలిచి కుళ్ళిపోతాయి.

ఇంకో సంగతి. ఇది ప్రాణం సంగతి. తవ్వుకోమని చెప్పే ఆసామి ఆ గెనిమలో మందు పెట్టాడో లేదో చెప్పడు. మనోళ్ళు అడగరు. నూకలకి నూనె పట్టించి, అందులో బ్రోమాడియోలోన్ కలిపి కలుగుల్లో వేస్తారు. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు పడుతుంది. అన్ని రోజులూ అది మామూలుగానే తిరుగుతుంది, మన చేతికీ దొరుకుతుంది. చూస్తే బాగానే ఉంటుంది, కానీ లోపల మందు ఉంటుంది. జింక్ ఫాస్ఫైడ్ అయితే గంటల్లోనే చంపుతుంది, దాన్నుంచి వచ్చే గ్యాస్ కూడా విషమే. అందుకని ఆసామిని అడగాల్సిన మొదటి మాట "తవ్వుకోవచ్చా" కాదు, "ఏం మందు పెట్టారు, ఎప్పుడు పెట్టారు" అని. పెట్టాను అంటే ఆ కయ్యలో ఎలుక తినే ప్రశ్నే లేదు. అక్కడ తవ్వాలంటే పూర్తిగా కూలికే తవ్వాలి. చెప్పను అంటే ఆ కయ్య మనకి వద్దు.

ఇప్పుడు ఎలుక కాని వాటి గురించి. ఇక్కడ మన కుర్రాళ్ళు ఎక్కువగా మోసపోతున్నారు. కలుగులు తవ్వుతుంటే ఉడుము కనబడుతుంది. చెరుకుతోట పక్కన కుందేలు లేస్తుంది. గెనిమ మీదే ఆసామి ఉంటాడు, "పట్టరా, నా పొలమేగా, ఎవడేం అంటాడు" అంటాడు. ఆ మాట నమ్మొద్దు. పొలం ఆయనదే, కుందేలు ఆయనది కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేటలో పడిన అడవి జంతువు ప్రభుత్వం సొత్తు, ఎవరి పట్టా భూమిలో పడినా సరే. కుందేలు, కౌజు, అడవి పంది అన్నీ రక్షణ ఉన్నవే. ఉడుము మొదటి షెడ్యూల్‌లో ఉంది, దానికి శిక్ష కనీసం 3 ఏళ్ళ నుంచి 7 ఏళ్ళ దాకా. ఉచ్చు పెట్టడం, తరమడం, పట్టబోవడం కూడా ఆ చట్టంలో వేటే. అంటే దొరకకపోయినా కేసే.

మా గుడిసెల్లో మామ వరసయ్యే ఒకాయనకి అట్లాగే జరిగింది. కుందేలు పట్టమన్నది ఆసామి. కూర తిన్నది ఆసామి ఇంట్లో చుట్టాలు. అటవీ సిబ్బంది వచ్చేసరికి ఆ ఆసామి "వీడెవడో నాకు తెలీదు, రాత్రిపూట వచ్చి పడ్డాడు" అన్నాడు. వల మామది, చేతికి నెత్తురు మామది. పర్మిషన్ నోటిమాట, కేసు కాగితం. కోర్టుకి తిరిగిన బస్సు చార్జీలకే ఒక మేక అమ్మారు.

మీలో ఏజెన్సీ వాళ్ళు, నల్లమల చెంచు అన్నలు, కోయ తమ్ముళ్ళు అడగొచ్చు, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది కదా అని. ఆ చట్టం తేనె, చింతపండు లాంటి అటవీ ఫలసాయానికి హక్కు ఇచ్చింది, సంప్రదాయంగా వచ్చిన ఇతర హక్కులనూ ఒప్పుకుంది. కానీ అదే వాక్యంలో వేటాడే హక్కుని పేరు పెట్టి మరీ తీసేసింది. ఇంకో ముక్క కూడా చెప్పుకోవాలి. 1972 చట్టంలో మొదట లైసెన్సు మీద వేట ఉండేది. 1991 సవరణతో ఆ లైసెన్సులు పోయాయి. అంతదాకా తుపాకీ, కాగితం ఉన్నవాడు వేటగాడు. ఉచ్చు ఒక్కటే ఉన్నవాడు దొంగ. ఇప్పుడు పంటని పాడుచేసే జంతువుని చంపాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణం రాసి కాగితం ఇవ్వాలి. ఆసామి నోటిమాట ఆ కాగితం కాదు.

అడవి పందుల మాట వచ్చింది కాబట్టి కరెంటు తీగలు. మెట్ట మండలాల్లో పందుల కోసం పొలం చుట్టూ తీగ లాగి రాత్రికి కరెంటు వదులుతారు. అది చట్టవిరుద్ధమని వదిలేవాడికీ తెలుసు. పగలు తవ్వుకోమని చెప్పిన ఆసామి రాత్రి తీగ సంగతి చెప్పడు. పీతలకో, కప్పలకో టార్చిలైటు వేసుకుని పోయే మన పిల్లోడు ఆ తీగ మీద కాలు వేస్తాడు. అందుకే పర్మిషన్ ఎంత ఉన్నా సరే, రాత్రిపూట పోవద్దని మేం గట్టిగా అంటున్నాం.

అడగనే వద్దు అనే అన్నలకి మేం చెప్పేది ఇది. కోపం న్యాయమే. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు అక్కడి అడవి మీద బతికిన మన వాళ్ళని ఎవరూ పర్మిషన్ అడగలేదు. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది, గిరిజనేతరుడికి భూమి పోకుండా. అది షెడ్యూల్డ్ ప్రాంతంలోనే. మైదానంలో ఉన్న మనకి ఆ గొడుగు లేదు, అందుకే మనలో ఎక్కువమందికి గుడిసె కింద నేల కూడా సొంతం కాదు. అయినా చెప్పకుండా కయ్యలో దిగితే ముందుగా వచ్చే మాట "దొంగ యానాదోడు". 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయింది. వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివాళ్ళు మన మీద ఆ ముద్ర పోవాలని ఏళ్ళ తరబడి తిరిగారు. చట్టం పోయింది, పోలీసు చూపు పోలేదు. మోటారు పోయినా, కోడి పోయినా ముందు మన గుడిసెలకే వస్తారు. ఆ చూపుకి మనమే సాక్ష్యం ఇవ్వడం ఎందుకు?

మానేద్దాం అనే చెల్లెళ్ళకి: మీరు మానేయండి, మాకేం అభ్యంతరం లేదు. అమ్మానాయనలు మానలేరు. కూలి లేని నెలల్లో పొయ్యి మీద ఉడికేది అదే. మన హాస్టల్ ట్రంకుపెట్టె కొన్న డబ్బుల్లో కలుగు వడ్లు లేవని చెప్పగలిగినవాళ్ళు చేయెత్తండి.

ఎవరిని అడగాలి అనేది కూడా ఇప్పుడు చిక్కే. పట్టా ఉన్నాయన హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. పంట కౌలు రైతుది. ఎలుక తినేది ఆయన పంట, కాబట్టి మాట ఆయనతోనే. కానీ గెనిమ కోసినా, చెట్టు కొట్టినా పట్టాదారు తరఫువాళ్ళు వస్తారు. తవ్విన ప్రతి కలుగు మళ్ళీ పూడ్చి తొక్కి రావడం మన బాధ్యత. అది ఆసామికి భయపడి కాదు. గండి పడితే కింద కయ్య కౌలుదారు మునుగుతాడు, ఆయన కూడా మనలాంటోడే. రొయ్యల గుంటల దగ్గర మాత్రం అసలు దిగొద్దు, కాపలా ఉన్న మన చుట్టం పిలిచినా సరే. రేపు ఏదైనా పోతే ఆయన అడ్వాన్సులో రాస్తారు. ఆ అడ్వాన్సు తీరక కుటుంబాలు ఆ గట్ల మీదే ఇరుక్కుపోతున్నాయి. అడ్వాన్సు చూపించి మనిషిని కదలనీయకుండా చాకిరీ చేయించడం 1976 నుంచి నేరం. ఆ సంగతి మీద వేరే పోస్టు రాయాలి.

ఈసారి మా ఊర్లో ఏం చేయబోతున్నామో చెప్తాం. నలుగురు చదువుకున్న పిల్లలం పెద్దాయనతో కలిసి పగటిపూట కౌలు రైతు దగ్గరికి పోతాం. వాకిట్లో కాదు, కయ్య దగ్గర మాట్లాడతాం. మందు ఎప్పుడు పెట్టారు, తీగ ఎక్కడుంది, ఎలుకకి ఎంత లేదా రోజుకి ఎంత, కలుగు వడ్లు ఎవరికి. ఒప్పుకున్నాక అదే మాట ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టమంటాం. పెట్టను అంటే ఆ కయ్య వదిలేస్తాం. పేడదిబ్బకి వేరే కూలి. మా పెద్దాయనకి ఇది నచ్చలేదు, "వాళ్ళు ఇంకొకర్ని పిలుస్తారు" అంటున్నాడు. పిలుస్తారు, నిజమే. పక్క గుడిసెల వాళ్ళు ఊరికే తవ్వుతామంటే మా రేటు నిలబడదు. అందుకే ఇది ఒక్క ఊరితో అయ్యే పని కాదు.

గోదావరి, కృష్ణా వైపు అన్నలు మీ దగ్గర బుట్టకి ఎంత ఇస్తున్నారో, ఎలుకకి ఎంతో, ఎవరు మాట్లాడతారో కింద రాయండి. సంగం, కోవూరు, బుచ్చి వైపు ఉన్నవాళ్ళు కోతలు మొదలయ్యేలోపు మాకు మెసేజ్ పెట్టండి, రేటు ఒకటే చెబుదాం.