మాట్లాడని పక్క సీటు

ఇంట్లో అలకకి ఓ పద్ధతి ఉంది. అలిగినవాళ్లని బతిమాలతాం, భోజనానికి పిలుస్తాం. రెండుసార్లు వద్దంటారు, మూడోసారి వచ్చి కూర్చుంటారు. పెళ్లిలో అల్లుడి అలకకైతే ఏకంగా పాన్పే వేస్తాం! ఆఫీసులో అలకకి ఈ సౌకర్యాలేవీ లేవు. ఎవరూ బతిమాలరు, ఎవరూ తేల్చరు. మధ్యలో మన పని ఇరుక్కుంటుంది.

నా మొదటి ఉద్యోగంలోనే నాకిది ఎదురైంది. పక్క సీటు అక్క నాకంటే నాలుగేళ్లు సీనియర్. రోజూ కలిసి టీకి వెళ్లేవాళ్లం. ఓసారి ఇద్దరం చేసిన పనికి మేనేజర్ థ్యాంక్స్ మెయిల్ పెడుతూ నా పేరొక్కటే రాశారు. ఆమె పేరు కూడా ఉండాలని నేను వెంటనే అందరికీ రిప్లై ఇచ్చాను. అయినా మర్నాటి నుంచి ఆమె నాతో మాటలు మానేసింది. గుడ్ మార్నింగ్‌కి జవాబు లేదు. మెసేజ్ పెడితే బ్లూ టిక్ పడుతుంది, రిప్లై రాదు. అందరితో నవ్వుతూ మాట్లాడుతుంది, నేను వెళ్తే ఫోన్ తీస్తుంది.

మొదటి వారం బాధేసింది. రెండో వారం భయమేసింది. క్లయింట్ ఫైల్ మార్చిన సంగతి టీమ్‌లో అందరికీ చెప్పి, నాకు చెప్పలేదు. రెండు రోజులు పాత ఫైల్ మీదే పని చేశాను. అప్పటికి నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను.

“ఇంత చిన్నదానికే ఫీలవుతావా?” అంది మా రూమ్మేట్. చిన్నదేం కాదండీ. కిప్లింగ్ విలియమ్స్ అనే సైకాలజిస్ట్ ‘సైబర్‌బాల్’ అనే కంప్యూటర్ ఆట తయారుచేశారు. ముగ్గురు బంతి విసురుకుంటారు. కాసేపటికి మిగతా ఇద్దరూ మనకి బంతి ఇవ్వడం మానేస్తారు. అంతే ఆట. 2003లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధనలో, అలా పక్కన పెట్టినప్పుడు మనిషి మెదడుని స్కాన్ చేసి చూశారు. ఒంటికి నొప్పి కలిగినప్పుడు చురుగ్గా ఉండే భాగమే అప్పుడూ చురుగ్గా కనిపించింది. అవతల ఆడేది కంప్యూటరే అని ముందే చెప్పినా జనం బాధపడ్డారని ఆ తర్వాత ఇంకో ప్రయోగంలో తేలింది. కంప్యూటర్ బంతి ఇవ్వకపోతేనే అంత బాధ. ఇక రోజూ తొమ్మిది గంటలు పక్కన కూర్చునే మనిషి సంగతి చెప్పాలా?

కాబట్టి ‘లైట్ తీసుకో’ అన్న సలహా పనికిరాదు. నాకు పనికొచ్చినవి చెప్తాను.

ముందు ఒకటి చూసుకోండి. ఆ మనిషి అందరితోనూ ముభావంగా ఉంటే అది మీ గురించి కాకపోవచ్చు. ఇంట్లో ఏ కష్టం ఉందో! మీ ఒక్కరితోనే అయితే, ఒక్కసారి నేరుగా అడగండి. నలుగురిలో కాదు, విడిగా. నేనిలా అడిగాను: “అక్కా, ఆ మెయిల్ విషయం మనసులో ఉంటే చెప్పండి, మాట్లాడుకుందాం. ఇష్టం లేకపోతే పని వరకైనా మాట్లాడుకుందాం.” “ఏం లేదు” అని అటు తిరిగింది. సరే. మళ్లీ అడగలేదు. రోజూ అడుగుతూ పోతే మన మూడ్ తాళంచెవి వాళ్ల చేతికిచ్చినట్టే.

రెండోది, పని మాటలన్నీ పర్సనల్ చాట్ నుంచి టీమ్ గ్రూపులోకి మార్చేశాను. “ఫైనల్ ఫైల్ ఇదేనా? మార్పులుంటే సాయంత్రం నాలుగులోపు చెప్పండి, నాలుగున్నరకి పంపేస్తాను.” ఇలా టైమ్ పెట్టి రాస్తే అవతలివాళ్లు పలకకపోయినా పని ఆగదు. పైగా మనం అడిగినట్టు అందరికీ తెలుస్తుంది.

మూడోది, నేను మాత్రం గుడ్ మార్నింగ్ మానలేదు. ప్యాంట్రీలో ఆమె గురించి మాట్లాడలేదు. మధ్యవర్తిని పంపలేదు. మధ్యవర్తి మోసే మాట దారిలో ఎంత పెరుగుతుందో మీకూ తెలుసు.

అయినా అప్‌డేట్లు ఆగుతుంటే మేనేజర్ దగ్గరికి వెళ్లాల్సిందే. అక్కడ “నాతో మాట్లాడటం లేదు సార్” అంటే స్కూల్ పిల్లల ఫిర్యాదులా ఉంటుంది. నేను తేదీలు రాసుకెళ్లాను. “ఈ మూడు అప్‌డేట్లు నాకు అందలేదు, పని ఇంత ఆలస్యమైంది. ఇకమీద అన్నీ గ్రూపులోనే పెట్టేలా చూడండి” అన్నాను. ఆయన పెట్టించారు. నాతో మాట్లాడాలా వద్దా అనేది ఆమె ఇష్టం. పని సమాచారం దాచడం మాత్రం ఎవరి ఇష్టమూ కాదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఇంత ఓపిక వద్దు. మీరు అమ్మాయి అయి, ఎవరైనా హద్దు మీరితే వద్దన్నందుకే ఈ మౌనం మొదలైతే, అది అలక కాదు. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఇలాంటి వాటికీ వర్తించవచ్చు. 10 మంది, అంతకు మించి ఉన్న ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి. 10 మంది లోపైతే జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. మామూలుగా 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. మెసేజ్‌లు డిలీట్ చేయకండి.

ఇంతకీ ఆ అక్క మారిందా అంటారా? లేదు. మళ్లీ టీకి పిలవలేదు. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ కాస్త చివుక్కుమంటుంది. కానీ నా ప్రొబేషన్ టైమ్‌కే పూర్తయింది. టీకి వేరే జట్టు దొరికింది. మీకూ దొరుకుతుంది.