ఇంటి పద్దు: అప్పు తెచ్చే ముందు డబ్బొచ్చే నెల చూసుకోండి

ఆగస్టు నెల వచ్చిందంటే మన వేల్పూర్ వైపు ఇళ్ళల్లో పరిస్థితి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? పసుపు చేలో పచ్చగా ఉంటుంది, చేతిలో మాత్రం పైసా ఉండదు. జూన్‌లో నాటిన కొమ్ము తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నిజామాబాద్ యార్డుకు తోలేసరికి ఫిబ్రవరి, మార్చి దాటుతుంది. కాలేజీ ఫీజు అప్పటిదాకా ఆగుతుందా? ఆస్పత్రి బిల్లు ఆగుతుందా? ఆగవు. అందుకే అప్పు మాట వస్తుంది.

మా వాడకట్టులో ఒక అక్క సంగతి చెబుతాను. ఆమె భర్త ప్రైవేటు స్కూల్లో పంతులు, జీతం 22,000. ఎకరం పసుపు కూడా ఉంది. కూతురి ఫీజుకు లక్ష రూపాయలు కావలసివచ్చాయి. ఫోన్‌లో ఎవరో "పర్సనల్ లోన్, హామీ అక్కర్లేదు, రెండు రోజుల్లో డబ్బు" అన్నారు. వడ్డీ 14 శాతం. ఊళ్ళో మూడు రూపాయల వడ్డీకంటే ఎంతో నయమనిపించి సంతకం పెట్టేశారు. నెలకు 8,979 రూపాయల వాయిదా, పన్నెండు నెలలు. మూడు నెలలు ఎలాగో కట్టారు. నాలుగో నెల ఇంట్లో జ్వరాలు, వాయిదా తప్పింది, చార్జీలు పడ్డాయి. ఐదో నెల వాయిదా కట్టడానికి అక్క ఎవరి దగ్గరికి వెళ్ళిందో తెలుసా? మూడు రూపాయల వడ్డీ ఆయన దగ్గరికే!

మరి ఆమె చేసిన తప్పేమిటి? వడ్డీ చూసింది, అది తప్పు కాదు. తన ఇంటికి డబ్బు ఏ నెలలో వస్తుందో మాత్రం చూసుకోలేదు. ఈవారం నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు వడ్డీ భాష ఒకటి చేసుకుందాం. ఊళ్ళో "నూటికి రెండు రూపాయలు" అంటారు. అది నెలకు. ఏడాదికి 24 శాతం అన్నమాట. మూడు రూపాయలంటే 36 శాతం. బ్యాంకువాళ్ళు 14 శాతం అంటే అది ఏడాదికి. ఈ రెండూ పక్కపక్కన పెట్టే ముందు ఊరి వడ్డీని పన్నెండుతో హెచ్చవేయండి.

లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి ఏడాది వాడుకుంటే వడ్డీ 24,000, అసలు అలాగే ఉంటుంది. బ్యాంకు లోను 14 శాతానికి పన్నెండు వాయిదాల్లో తీరిస్తే వడ్డీ 7,745 రూపాయలు మాత్రమే. నెలనెలా అసలు తరుగుతూ పోతుంది కాబట్టి అంత తక్కువ. అయితే ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకోండి, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 2,360 ముందే కోసుకుంటారు. చేతికొచ్చేది 97,640. అంటే మొత్తం ఖర్చు పదివేల పైచిలుకు. అయినా చవకే సుమా, వాయిదాలు తప్పకుండా కట్టగలిగితే!

ఇంకో చిక్కు ఉంది. కొన్నిచోట్ల "12 శాతమే, ఫ్లాట్ రేటు" అంటారు. లక్షకు రెండేళ్ళు, వడ్డీ 24,000, నెలకు 5,167 చొప్పున కట్టాలి. మీరు సగం అసలు తీర్చేశాక కూడా పూర్తి లక్ష మీదే వడ్డీ వేస్తున్నారన్నమాట. అదే 12 శాతం తరిగే బాకీ మీద వేస్తే వడ్డీ 13,000 కూడా కాదు. ఆ ఫ్లాట్ 12 శాతం అసలు లెక్కలో దాదాపు ఇరవై ఒకటిన్నర శాతం. పేరు చూసి మోసపోకండి!

ఇక మీ ఇంటి డబ్బు ఎలా వస్తుందో చూడండి.

నెలనెలా జీతం వచ్చే ఇల్లు, దుబాయి నుంచో మస్కట్ నుంచో నెల తప్పకుండా డబ్బు వచ్చే ఇల్లు: వీళ్ళకు బ్యాంకు పర్సనల్ లోను సరిపోతుంది. అన్ని వాయిదాలూ కలిపి రాబడిలో మూడోవంతు దాటకుండా చూసుకుంటే మంచిది. బీరువా కొన్న వాయిదా, బండి వాయిదా కూడా అందులో కలపాలి మరి.

బీడీలు చుట్టో, పాలు పోసో, బట్టలు కుట్టో నెలకు కొంచెం కొంచెం తెచ్చుకునే ఇల్లాలు: ఈమె ముందు తొక్కవలసింది పొదుపు సంఘం గడప. సంఘాలకు 3 లక్షల వరకు 7 శాతం వడ్డీకే బ్యాంకు రుణమిచ్చే ఏర్పాటు జాతీయ గ్రామీణ జీవనోపాధుల పథకంలో ఉంది. 2011లో మొదలైన స్త్రీనిధి కూడా సంఘాల ద్వారానే రుణమిస్తుంది. అయితే తోటి సభ్యుల నమ్మకమే ఇక్కడ హామీ. వాయిదా తప్పితే బ్యాంకు ముందే కాదు, పదిమంది అక్కాచెల్లెళ్ళ ముందు తలవంచుకోవాలి.

పంట మీదే బతికే ఇల్లు: ఏడాదికి ఒక్కసారి డబ్బు వచ్చే ఇంటికి నెలనెలా వాయిదా గొంతుమీద కత్తి. సేద్యం ఖర్చుకైతే కిసాన్ క్రెడిట్ కార్డు ఉండనే ఉంది. కేంద్రం వడ్డీ రాయితీతో 3 లక్షల వరకు 7 శాతం, గడువులోగా తీరిస్తే 4 శాతమే పడుతుంది. ఫీజుకో ఆస్పత్రికో అయితే బంగారం మీద అప్పు, అదీ చివర్లో ఒకేసారి తీర్చే పద్ధతిలో అడగండి. ఆగస్టులో లక్ష తెచ్చి మార్చిలో తీరిస్తే, 10 శాతం చొప్పున ఏడు నెలలకు సుమారు 5,830. అదే మూడు రూపాయల వడ్డీకైతే 21,000!

మా అక్క బీరువాలో నగ ఉండనే ఉంది. "కుదువ పెడితే నలుగురిలో పరువేం కాను?" అనుకుంది. నగ బ్యాంకులో ఉంటే ఎవరికి తెలుస్తుంది చెప్పండి? వడ్డీ ఆయన అరుగు మీద కూర్చుంటేనే ఊరందరికీ తెలుస్తుంది. కాకపోతే ఒక హెచ్చరిక: గడువుకు తీర్చకపోతే నగ వేలానికి పోతుంది. పంట సగమే చేతికొచ్చినా తీర్చగలనా అని ముందే ఆలోచించుకుని, ఆ మేరకే తీసుకోండి. అప్పు పూర్తిగా తీర్చాక 7 పనిదినాల్లో నగ తిరిగివ్వాలని, వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించింది. దీన్ని 2026 ఏప్రిల్ 1 కల్లా అమలు చేయాలంది.

అడ్తీ దగ్గర బయానా తెచ్చుకోవడం సులువే, కాగితం కూడా అడగరు. కానీ పంట ఆయనకే వేయాలి. ధర వచ్చేదాకా ఆగే వీలు పోతుంది. క్వింటాలుకు వంద తగ్గినా అదీ వడ్డీ కిందే రాసుకోండి.

బ్యాంకుకు వెళ్తే మొహమాటపడకుండా ఒక కాగితం అడగండి. దాని పేరు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి కొత్త లోన్లకు ఇది తప్పకుండా ఇవ్వాలి, అదీ మీకు అర్థమయ్యే భాషలో. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి పడే అసలు ఖర్చు అదే. రెండు చోట్ల అడిగితే ఆ అంకెలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అందులో రాయని చార్జీ మీరు ఒప్పుకోకుండా తర్వాత వసూలు చేయకూడదు. ముందే తీర్చేస్తే చార్జీ ఎంతో కూడా అడగండి. పంట డబ్బు రాగానే తీర్చేద్దామనుకునే వాళ్ళకు అది ముఖ్యం.

ఇదంతా అంకెల గొడవే కదా అనుకోకండి. మన వేల్పూర్ మండలంలోనే ఒకప్పుడు తల్లిదండ్రులు తెచ్చిన అప్పుకు పిల్లలు పనిలో ఉండిపోయేవారు. 2001లో ఆ పిల్లల్ని బడికి పంపే ఉద్యమం నడిచినప్పుడు, పనిలో పెట్టుకున్నవాళ్ళు ఆ అప్పులు వదులుకున్నారు. ఆ ఏడాది అక్టోబరు 2న బాల కార్మికులు లేని మండలమని ప్రకటించారు. అప్పు పెద్దవాళ్ళు చేస్తారు, దాని బరువు పిల్లల మీద కూడా పడుతుంది.

కాబట్టి ఈ ఆదివారం ఒక పని చేయండి. పాత క్యాలెండరు వెనకవైపు పన్నెండు నెలలూ రాయండి. ప్రతి నెలకు ఎదురుగా వచ్చే డబ్బు ఒకవైపు, కట్టాల్సింది ఇంకోవైపు వేయండి. మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ నెలలో చేతికి డబ్బు అందుతుందో ఆ నెలలోనే తీర్చే అప్పు తెచ్చుకోండి. మా అక్క పోయిన మార్చిలో పసుపు డబ్బుతో మూడు రూపాయల బాకీ మొదట తీర్చేసింది. ఇప్పుడు వాళ్ళింటి గోడకు ఆ క్యాలెండరు లెక్క వేలాడుతోంది. మీ ఇంట్లో కూడా ఒకటి వేలాడదీయకూడదూ?