హ్యాండ్‌బ్రేకు వైరుతో ఝూఠ్ చెప్పించొద్దు

దోస్తులారా, ఈసారి కాస్త ఘాటుగానే రాస్తున్నాను. నారాజ్ అయ్యేవాళ్లు అవ్వండి, పర్వాలేదు.

మన ఇళ్లల్లో కారు కొన్నారంటే ముందు సీటు కవర్లు, ఆ తర్వాత స్క్రీను. కంపెనీ ఇచ్చిన స్క్రీను భేషుగ్గా ఉన్నా దానికి ఇంకో డబ్బా తగిలించాల్సిందే. వలీమా దావత్‌లో బిర్యానీ ముందు కూర్చుని "బాక్స్ పెట్టించావా భాయ్? సినిమాలు వస్తున్నాయా?" అని అడుగుతున్నారు. పెట్టించండి. షౌక్ తప్పు కాదు, దాని వెనక జరూరత్ కూడా ఉంది. నా గుస్సా డబ్బా మీద కాదు. అది బిగించేటప్పుడు మనమే అడిగి మరీ చేయించుకుంటున్న ఒక పని మీద. ఒక్క నిమిషం కూడా పట్టని పని.

ముందు జరూరత్ సంగతి ఇన్సాఫ్‌గా మాట్లాడుకుందాం. మనలో ఎక్కువమంది కొనేది సెకండ్ హ్యాండ్ బండ్లు. వాటిలో కంపెనీ నావిగేషన్ ఉంటుంది, మ్యాపు మాత్రం బండి పుట్టిన ఏడాది దగ్గరే ఆగిపోయి ఉంటుంది. నా బండి మ్యాపుకి బెజవాడ కనకదుర్గ ఫ్లైఓవర్ అనేదొకటి ఉందని ఖబరే లేదు. పైకెక్కితే చాలు, బాణం గుర్తు కొండకీ కృష్ణకీ మధ్య దారి తప్పిన మేకపిల్లలా తిరిగేది. కొత్త మ్యాపు ఎక్కించడానికి ఎంతవుతుందని ఒక షోరూములో అడిగాను. వాళ్లు చెప్పిన ధరకి బయట డబ్బా, బిగింపు కూలీ పోను ఇంకా మిగులుతుంది. "బయట పెట్టిస్తే వారంటీ పోతుంది సార్" అని మాత్రం చాలా అదబ్‌గా చెప్పారు. అదే షోరూము పక్క కౌంటర్‌లో అలాంటి స్క్రీన్లే అమ్ముతున్నారు. అక్కడ కొంటే వారంటీకి ఏ తకలీఫూ లేదట! ఫోనులో ముఫ్త్‌గా దొరికే దారిని బండిలో తాళం వేసి అమ్ముకునే ఈ కంపెనీల మీద నాకు ఏమాత్రం రహం లేదు. జనం బయట దుకాణాలకి పోతున్నారంటే సగం కసూర్ వీళ్లదే.

అలాగని పాత నావిగేషన్ పీకి పారేయమని అనను. దానిలో ఫోనుకి లేని గుణం ఉంది. మ్యాపు బండిలోనే ఉంటుంది కాబట్టి నల్లమలలో సిగ్నల్ పోయినా పనిచేస్తుంది. చాలా బండ్లలో అది చక్రాల వేగాన్నీ, మలుపునీ కూడా లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే సొరంగంలో, ఫ్లైఓవర్ కింద ఆకాశం కనిపించకపోయినా కొంతదూరం తడబడకుండా నడుస్తుంది. ఉన్నదాన్ని ఉంచి దానికి కొత్తది జోడించడమే అఖల్‌మంద్ పని.

జోడించడం బండిని బట్టి ఉంటుంది. మీ స్క్రీనులో వైరుతో పనిచేసే కార్‌ప్లే గానీ ఆండ్రాయిడ్ ఆటో గానీ ముందే ఉంటే, అగ్గిపెట్టంత డాంగిల్ యూఎస్‌బీలో గుచ్చితే చాలు, ఫోను జేబులోనే ఉండి మ్యాపు స్క్రీను మీదికి వస్తుంది. ముందు బ్లూటూత్‌తో పరిచయం చేసుకుని, తర్వాత వైఫైలో నడుస్తుంది. ఏ వైరూ కొయ్యక్కర్లేదు. ఇవి రెండూ 2014లో ప్రకటించినవి. అంతకంటే పాత బండి అయితే స్క్రీను వెనక కప్లర్ విప్పి మధ్యలో డబ్బా కూర్చోబెట్టాలి. జీపీఎస్ యాంటెనా అద్దం కింద డ్యాష్‌బోర్డు మీద ఆకాశం చూసేలా పెట్టాలి. దాని వైరు పక్క స్తంభంలో ఎయిర్‌బ్యాగ్ ముందు నుంచి కాకుండా వెనక నుంచి లాగాలి. రివర్స్ గేరు వేయగానే డబ్బా పక్కకి తప్పుకుని కెమెరాకి జాగా ఇవ్వాలి.

ఇక కరెంటు. బయట దొరికే డబ్బాల్లో సాధారణంగా పసుపు వైరు బ్యాటరీ నుంచి నేరుగా, ఎరుపు తాళం తిప్పితే వచ్చే కరెంటు, నలుపు ఎర్త్. కంపెనీ వైర్ల రంగులు బండికో తీరుగా ఉంటాయి కాబట్టి రంగు చూసి కాదు, మీటరు పెట్టి చూసి కలపాలి. ఎరుపునీ పసుపునీ ఒకేచోట కలిపేస్తే డబ్బాకి రాత్రీ పగలూ నిద్రే ఉండదు, నాలుగు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ ఖతం. కంపెనీ వైరు కొయ్యకుండా మీ బండికి సరిపోయే కప్లర్ వాడమని పట్టుబట్టండి. రేపు వారంటీ పేచీ వస్తే కోసిన వైరే మీకు వ్యతిరేకంగా గవాహీ చెబుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. చాలా స్క్రీన్లకి ఇంకో వైరు ఉంటుంది, తరచుగా లేత ఆకుపచ్చ. అది హ్యాండ్‌బ్రేకు వైరు. బ్రేకు లాగి ఉంటేనే, అంటే బండి నిలబడి ఉంటేనే వీడియో రావాలని తయారుచేసినవాడు పెట్టిన కాపలా. ఆటోనగర్‌లో నా బండికి పని చేసిన కుర్రాడు డ్యాష్‌బోర్డు కింద నుంచి తల బయటికి పెట్టి అడిగాడు: "చాచా, ఈ గ్రీన్ వైరు బాడీకి కొట్టేయనా? బండి పోతున్నా వీడియో వస్తుంది. అందరూ కొట్టించుకుంటారు." వద్దు బేటా, బ్రేకుకే కలుపు అన్నాను. వాడు ఆశ్చర్యపోయాడు. ఆ దుకాణంలో వద్దన్నవాడు ఆ నెలలో నేనొక్కడినేనట.

ఆ వైరుని బాడీకి కలపడమంటే ఏమిటో ఆలోచించండి. బండి ఎనభైలో పోతున్నా, "హ్యాండ్‌బ్రేకు వేసే ఉంది, ఎవరికీ ఖత్రా లేదు" అని మిషన్‌కి ఝూఠ్ చెప్పించడం. ఒక్కసారి కాదు, ఆ బండి ఉన్నన్నాళ్లూ. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. పాట మార్చడానికి రెండు సెకన్లు స్క్రీను చూశారంటే 44 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. గుంటూరు-బెజవాడ రోడ్డు మీద 44 మీటర్లలో ఏమేం అడ్డం వస్తాయో మీకు నేను చెప్పాలా? గడ్డి ట్రాక్టరు, రాంగ్‌సైడ్ ఆటో, డివైడర్ దూకే గేదె.

దీనికి మనవాళ్ల దగ్గర బహానాలు సిద్ధంగా ఉంటాయి. "పిల్లలు అల్లరి చేయకుండా చూస్తారు" అంటారు. పిల్లలుండేది వెనక సీట్లో, స్క్రీను ఉండేది డ్రైవర్ మోచేతి పక్కన. పిల్లల కోసమే అయితే సీటు వెనక ట్యాబ్ తగిలించండి. "నేను చూడను, వింటానంతే" అంటారు. మరి వినడానికి పాట చాలదా, బొమ్మ ఎందుకు? అన్నిటికంటే ఖతర్నాక్ మాట, "రాత్రి ప్రయాణంలో నిద్ర రాకుండా" అనేది. నిద్ర ముంచుకొస్తున్నవాడి ముందు సినిమా పెట్టడం మందు కాదు సాబ్. పక్కకి ఆపి, ముఖం కడుక్కుని, చాయ్ తాగి అరగంట పడుకోవడమే ఇలాజ్.

ఖానూన్ కూడా దీన్ని ఖాతరు చేయదని కాదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, నడుపుతూ చేతిలో ఫోను వాడటాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చారు. 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన దారి చూసుకోవడానికి మాత్రం సందు ఇచ్చింది, అది కూడా డ్రైవర్ ధ్యానం చెదరకుండా. దారికి ఇజాజత్ ఇచ్చారు, సినిమాకి కాదు.

ఈ మాట మన లడ్కాలతో కూడా. బండ్ల ఎలక్ట్రీషియన్ పనిలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆటోనగర్‌లో ఒక్క గంట తిరిగితే తెలుస్తుంది. ఇంజనీరింగ్ చదివినవాడు పుస్తకం చూసి తిప్పే వైరింగ్‌ని మన పదో తరగతి కుర్రాడు టెస్ట్ ల్యాంపుతో పట్టేస్తాడు. ఆ హునర్ చూస్తే నాకు ఫఖర్. కానీ రేపు ఒక బండి గుద్దుకుని, అది విప్పి చూసినప్పుడు బాడీకి బిగించిన ఆ వైరు దొరికితే బద్నామ్ అయ్యేది ఎవరు? డబ్బా అమ్మిన కంపెనీ కాదు, "వీడియో కావాలి" అన్న కస్టమర్ కాదు. "బయట మెకానిక్ చేశాడు" అని వేలు చూపేది మన కుర్రాడి వైపే. బేటా, గిరాకీ పోతుందని డర్ వద్దు. "ఆ పని మా దగ్గర చేయం" అని గోడ మీద రాసిపెట్టు. నీ ఇజ్జత్ పెరుగుతుందే గానీ తగ్గదు.

ఇంకో రకం డబ్బా వస్తోంది, యూఎస్‌బీలో గుచ్చితే తానే ఫోనునని బండిని నమ్మించేది. లోపల పూర్తి ఆండ్రాయిడ్ ఉంటుంది, సిమ్ కూడా వేసుకోవచ్చు. దానికి ఆకుపచ్చ వైరు గొడవే లేదు, వీడియో నేరుగా వచ్చేస్తుంది. దానితో రెండో ధోకా కూడా ఉంది. పేరూ ఊరూ లేని చౌక ఆండ్రాయిడ్ పరికరాల్లో కొన్నిటికి తయారీలోనే చెడ్డ సాఫ్ట్‌వేర్ ఎక్కించి పంపుతున్నారని 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. టీవీ డబ్బాలతో పాటు, కార్లకి బయట బిగించే స్క్రీన్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అలాంటిదానికి మీ గూగుల్ ఖాతా, ఫోన్‌బుక్కు అప్పగిస్తున్నారు. ఇంటి ఆడవాళ్ల నంబర్లు, పిల్లల ఫోటోలు అన్నీ అందులోనే. మ్యాపు కోసం విడిగా ఒక ఖాళీ ఖాతా తెరవడం అంత కష్టమా? బండి అమ్మేటప్పుడైనా డబ్బాలో ఉన్నదంతా తుడిచి ఇవ్వండి. నేను కొన్న బండిలో పాత యజమాని ఖాందాన్ మొత్తం పేర్లు ఉన్నాయి, ఖాలాలు, ఫూఫీలతో సహా.

కొత్త మ్యాపు వచ్చింది కదా అని బేఫికర్‌గా ఉండకండి. 2024 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ఒక కారు ఫోను మ్యాపు చూపిన దారిన రామగంగ వంతెన ఎక్కింది. వంతెన చివరి భాగం అంతకుముందే వరదకి కొట్టుకుపోయింది. మ్యాపుకి ఆ సంగతి తెలియదు. ముగ్గురు చనిపోయారు. కళ్లు రోడ్డు మీద పెట్టుకున్నా ఇలాంటివి జరుగుతున్నాయి, ఇక ఆ కళ్లు సినిమా మీద ఉంటే?

ఇప్పటికే వైరు బాడీకి కొట్టించుకున్నవాళ్లు కంగారు పడనక్కర్లేదు. డబ్బా తీసేయక్కర్లేదు, కొత్తది కొనక్కర్లేదు. స్క్రీను బయటికి లాగి, ఆ ఒక్క వైరుని బాడీ నుంచి విప్పి హ్యాండ్‌బ్రేకు స్విచ్ వైరుకి కలపమనండి. అయ్యాక మీరే పరీక్షించండి: బండి ఆపి, బ్రేకు లాగి వీడియో పెట్టండి. బ్రేకు దించగానే బొమ్మ ఆగిపోవాలి, మ్యాపు మాత్రం ఉండాలి. రివర్స్ వేస్తే కెమెరా రావాలి. అరగంట పని. కూలీ ఎంత తీసుకున్నా ఇచ్చేయండి, ఆ ఒక్క చోట బేరం ఆడకండి.